ఒక మూర తక్కువ

"ఇరవై తక్కువొచ్చాయి."

చిన్నాడు ఆ మాట అనడం అది మూడోసారి. మొదటిసారి ఎవరూ నమ్మలేదు. రెండోసారి నడిపి స్వయంగా పొలం చుట్టూ తిరిగి, పదహారేళ్లు బస్సులో తలకాయలు లెక్కపెట్టిన వేలితోనే సిమెంటు స్తంభాలు లెక్కపెట్టింది. నూట ఇరవై కొన్నారు, నూట ఇరవై పాతారు. అయినా వాగు వైపు కంచె లేదు. ఇంకో ఇరవై స్తంభాలు పట్టేంత ఖాళీ అలాగే నోరు తెరుచుకుని ఉంది.

శనివారం. పొద్దున పది కావస్తోంది. గడువు ఆ సాయంత్రం పొద్దు వాలేదాకానే.

ఆ పందెం సంగతి ఈ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. అయినా ఒకసారి చెప్పుకుంటే నష్టం లేదు. నడిపి కండక్టరు ఉద్యోగం మానేసి వచ్చి, తన వాటా దిగువ పొలం తీసుకుని రెండేళ్లయింది. రెండుసార్లు మొక్కజొన్న వేసింది. రెండుసార్లూ అడవిపందులు కండె మిగల్చకుండా తినిపోయాయి. మూడో పంట ఇప్పుడు పాలు పట్టే దశలో ఉంది, ఆ వాసనకి మంద ఇవాళో రేపో దిగుతుంది. పొద్దు వాలేలోపు కంచె చుట్టూ కలిస్తే పొలం ఆమెది, ఆమె ఇష్టం. కలవకపోతే సాగు అన్నగారి చేతికి పోతుంది, ఆమె మళ్లీ బస్సెక్కి టికెట్లు కొట్టుకోవాలి. మాట పెద్దాడిది. పౌరుషానికి పోయి సరేనన్నది నడిపి.

పందెం వేసినవాడే గడ్డపార పట్టుకుని పనిలోకి దిగాడేమిటని అడగకండి. తల్లి దిగమంది, దిగాడు. పని చెడగొట్టి గెలిస్తే అది గెలుపు కాదని అతని పట్టింపు. మనిషి మొండివాడే గాని దొంగ కాదు.

"స్తంభాలు పోసేవాడికి ఫోన్ చేశావా?" అని అడిగింది పెద్దకోడలు.

"చేశా వదినా. పోసినవి ఉన్నాయట గాని ఇంకా పచ్చివి. పది రోజులు నీళ్లు తాగితే గాని పాతడానికి పనికిరావంటున్నాడు," అన్నాడు చిన్నాడు.

"పది రోజులా? ఈలోపు పందులు తిని, పడుకుని, పిల్లల్ని కూడా పెట్టుకుంటాయి."

పెద్దాడు గట్టు మీద కూర్చుని గడ్డపార మొనకి అంటిన మట్టి గీకుతూ తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, లెక్క ఎవరు వేశారో దాన్నడుగు."

నడిపి అతనికి రెండడుగుల దూరంలోనే ఉంది. ఈ ఇంట్లో మాట్లాడకపోవడం కూడా ఒక పనే. పొలం పంచిన రోజు నుంచి పెద్దాడు ఆ పనిని ఒక్కరోజు సెలవు పెట్టకుండా చేస్తున్నాడు. చెల్లెలితో ఏం చెప్పాలన్నా తల్లి ద్వారానే. తల్లి లేకపోతే భార్య ద్వారా, ఇద్దరూ లేకపోతే గేదె ద్వారా.

"నాకు వినబడుతోందని చెప్పమ్మా," అంది నడిపి. "లెక్క చిన్నోడు వేశాడు. పంపకాల కాగితంలో చుట్టుకొలత ఎనిమిది వందల నలభై మూరలు. నాన్న తాడు ఏడు మూరలు. తాడుకో స్తంభం చొప్పున నూట ఇరవై."

"లెక్క సరిగ్గానే ఉందన్నయ్యా," అన్నాడు చిన్నాడు. "కొట్లో గోడ మీద రాసి మరీ చూసుకున్నా."

"గుడ్డలు కొలిచేవాడి చేత పొలం లెక్క కట్టిస్తే ఇలాగే ఏడుస్తుంది. చొక్కా అయితే బిగుతైందని కుట్టు విప్పుకోవచ్చు. దీన్నేం విప్పుతాం?"

ఉరుము ఉరిమి మంగలం మీద పడింది. చిన్నాడు ఊరందరికీ దర్జీ, ఇంట్లో మాత్రం అందరికీ లోకువ. మెడలో వేలాడుతున్న టేపుని రెండు చేతులతో పట్టుకుని లేచి నిలబడ్డాడు. అతనికి కోపం రావడం అరుదు. వచ్చినప్పుడు చెవులు ఎర్రబడతాయి.

"నేను టేపుతోనే కొలుద్దామన్నా. నాన్న తాడుండగా టేపెందుకన్నది నువ్వు. తాడు తప్పయితే ఆ తప్పు నాది అన్నది కూడా నువ్వే. అప్పుడు వదిన ఇక్కడే ఉంది."

"ఉన్నాను. విన్నాను," అంది పెద్దకోడలు.

"అన్నాను. ఇప్పుడూ అంటాను. నాన్న తాడు తప్పవదు."

పెద్దాడు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు. చిన్నాడు వెళ్లి, పాతిన రెండు స్తంభాల మధ్య నేల మీద టేపు పరిచాడు. ఒక నిండు టేపు, అంటే అరవై అంగుళాలు. దాని మీద ఇంకో నలభై ఎనిమిది అంగుళాలు. పక్క రెండు స్తంభాల మధ్య చూశాడు, అంతే. ఆ పక్కన కూడా అంతే.

"మూరకి పద్దెనిమిది అంగుళాలు. ఇక్కడున్నవి నూట ఎనిమిది. అంటే ఆరు మూరలు. ఏడు కాదు."

"మళ్లీ కొలువు."

"మూడుసార్లు కొలిచా అన్నయ్యా. కావాలంటే నువ్వొచ్చి పట్టుకో."

పెద్దాడు రాలేదు. ఎండ ఎక్కుతోంది. మొక్కజొన్న ఆకులు గాలికి రాసుకుంటున్నాయి. అప్పుడు గట్టు చివర మంచినీళ్ల బిందె పక్కన కూర్చున్న తల్లి గొంతు సవరించుకుంది.

"నేనే కోశాను."

"ఏం కోశావు?"

"తాడు."

నలుగురూ ఆమె వైపు తిరిగారు. ఆమె మాత్రం బిందె మూతని చూస్తూ మాట్లాడింది.

"నడిపి ఉద్యోగానికి వెళ్లిన రోజు. దాని రేకుపెట్టె పిడి గుమ్మం దాటగానే ఊడి చేతికొచ్చింది. బస్సు వేళైపోయింది. ఇల్లంతా వెతికితే ఒక్క తాడు ముక్క దొరకలేదు. దూలానికి ఇదే వేలాడుతోంది. కత్తిపీట తెచ్చి ఒక మూర కోసి పిడి కట్టేశాను. కొసకి ముడేసి మళ్లీ తగిలించాను."

"ఇన్నేళ్లూ చెప్పలేదేమే అమ్మా?" అంది నడిపి.

"మీ నాన్న ఆ తాడు ఎవరు ముట్టుకున్నా ఇల్లు పీకి పందిరేసేవాడు. చెప్పి తన్నులు తినమంటావా? మొదట్లో భయపడి చెప్పలేదు. తర్వాత మర్చేపోయాను."

ఆమె నోట్లో నువ్వుగింజ నానదని వాడంతా చెప్పుకుంటారు. అలాంటి నోట్లో మూరెడు తాడు పద్దెనిమిదేళ్లు నానింది.

"అంటే నా పెట్టె పిడే నా కంచెని మింగేసిందన్నమాట," అంది నడిపి.

నవ్వుతూ అనబోయింది, నవ్వు రాలేదు. ఆ పెట్టె ఇప్పటికీ ఆమె మంచం కింద ఉంది. ఆ తాడు పిడి పట్టుకునే ఎన్ని డిపోలు మారిందో, ఎన్ని అద్దెగదుల మెట్లెక్కిందో ఆమెకే లెక్క తెలియదు. అరచేతిలో ఆ ఒరిపిడికి పడిన కాయ ఇంకా పోలేదు.

పెద్దాడు తాడు చేతిలోకి తీసుకున్నాడు. కొస వెతికి పట్టుకుని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. చాలాసేపు దాన్నే చూశాడు.

"అమ్మా. నువ్వు మామూలు ముడే వేశావా?"

"మామూలు ముడే. ఆ హడావుడిలో ఇంకేం వేస్తాను?"

"మరి ఈ రాగితీగ ఎవరు చుట్టారు?"

ఆమె లేచి వచ్చి చూసింది. ముడి మీద సన్నని రాగితీగ, వరస మీద వరస, వేలితో తడిమినా ఎక్కడా తగలనంత నున్నగా చుట్టి ఉంది. ఇంట్లో గొడుగు పిడికి అదే చుట్టు, కొడవలి పిడికి అదే చుట్టు, పెట్టెలో దాచిన ఆయన కళ్లద్దాల కాడకీ అదే చుట్టు.

"ఇది మీ నాన్న చుట్టినది," అంది ఆమె మెల్లగా. "అయితే ఆయనకి తెలుసు."

పెద్దాడు మళ్లీ గట్టు మీద కూలబడ్డాడు. ఎవరినీ చూడకుండా, ఎవరి ద్వారానూ కాకుండా చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆరేళ్ల కింద నా మిరప తోటకి కంచె వేసినప్పుడు రెండో కొస పట్టుకున్నది నేనే. తాడు పరిచేవాడు. పరిచాక కొస దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, మోచెయ్యి నేలకి ఆనించి, వేలు చాచి, ఆ వేలి దగ్గర గీత గీసేవాడు. ప్రతి స్తంభానికీ అంతే. చాదస్తం అనుకున్నాను. తాడుంది కదా నాన్నా, మళ్లీ చెయ్యెందుకు అనడిగితే, ఉండనీరా అన్నాడు."

"మా కొట్టు దగ్గర కూర్చుని అది చేసి చూపించావు కూడా," అన్నాడు చిన్నాడు. "అందరం పడీపడీ నవ్వాం."

"నవ్వాం," అన్నాడు పెద్దాడు.

కోసినామె చెప్పలేదు. తెలిసినాయన అనలేదు. చూసినవాడు అర్థం చేసుకోలేదు. టేపున్నవాడు గట్టిగా పట్టుపట్టలేదు. తిలా పాపం తలా పిడికెడు. అందరి పిడికిళ్లూ కలిసి ఇరవై స్తంభాలయ్యాయి.

నడిపికి ఏడుపొచ్చింది. ఉద్యోగానికి వెళ్లిన రోజు నాన్న బస్సు దగ్గరికి రాలేదు. ఆడపిల్ల బస్సులెక్కి టికెట్లు కొట్టడమేమిటని కోపమనుకుంది. ఆయన పోయేదాకా ఆ కోపం పోలేదనే అనుకుంది. ఆయనేమో తెగిన కొసకి తీగ చుట్టి, బతికినన్నాళ్లూ తక్కువైన మూరకి తన చెయ్యి కలుపుకుంటూ పోయాడు. ఒక్కరోజు ఒక్కమాట అనలేదు.

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. మెడలో పూసలదండతో పాటు ఎప్పుడూ వేలాడే కండక్టరు విజిల్ తీసి గట్టిగా ఊదింది. చిన్నాడు ఉలిక్కిపడ్డాడు.

"ఏడవడానికి పొద్దు లేదు. లేవండి. బస్సులో చోటు చాలకపోతే కొత్త బస్సు తెప్పిస్తామా? ముందుకి జరగమంటాం."

విసవిసా నడిచి వెళ్లి ఎగువ గట్టు మీద నిలబడింది. దిగువ పొలానికీ పెద్దాడి మిరప తోటకీ మధ్య గట్టు అది. ఈ వారం మొదట వేయించిన కంచె అక్కడే. ముందు నాకూ దానికీ మధ్య పడాలి, తర్వాతే పందులకి అని పెద్దాడు పట్టుబట్టి, ముప్పై అయిదు స్తంభాలు తన చేత్తో పాతాడు.

"వాగు వైపు నుంచి పందులొస్తాయి. ఇటు నుంచి ఎవరొస్తారు? మా అన్నయ్య వస్తాడు. పందులకి కంచె కావాలి గాని అన్నయ్యకి కంచెందుకు?"

ఆమె మిరప తోట వైపు చెయ్యి చాపింది.

"మిరప తోటకి మిగతా మూడు వైపులా కంచె ఉండనే ఉంది. ఇక్కడ ఇరవై పీకి వాగు వైపు పాతితే రెండు పొలాలూ ఒకే కంచెలోకొస్తాయి. చుట్టూ కలిసినట్టే."

అందరూ పెద్దాడి వైపు చూశారు. అతను కాదంటే చాలు. సాయంత్రానికి దిగువ పొలం అతని చేతిలో ఉంటుంది. కాదనడానికి హక్కు కూడా ఉంది, సగం గట్టు అతనిదే.

"ఆ స్తంభాలు మూడడుగుల లోతు పాతానని చెప్పమ్మా దానికి. పీకడం మాటలు కాదు."

"గడ్డపార ఇటివ్వండి, నేను పీకుతా," అంది పెద్దకోడలు.

"నీకేమొచ్చింది?"

"ఏమొచ్చిందా? ఆ పొలంలో అడుగు పెట్టొద్దని మీరన్నప్పటి నుంచి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగి ఇంటికొస్తున్నా. ఇలా గట్టు దాటితే అదిగో ఇల్లు. మీకూ మీ చెల్లెలికీ మాటల్లేకపోతే నా మెడ విరగాలా?"

పెద్దాడు గడ్డపార ఇవ్వలేదు. లేచాడు. తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు. ఎగువ గట్టు దాకా నడిచి, మొదటి స్తంభం మొదట్లో గడ్డపార దించాడు.

"తాడు తప్పయితే ఆ తప్పు నాదన్నాను కదమ్మా. దిద్దుతున్నానని చెప్పు దానికి."

"వింది లేరా," అంది తల్లి.

ఇక చూడండి పని. ముందు ఆ స్తంభాలకి కట్టిన ఇనుప జాలీ విప్పి చుట్ట చుట్టారు. పెద్దాడు మొదలు తవ్వి వదులు చేస్తే, నడిపి, పెద్దకోడలు చెరో పక్క పట్టుకుని ఊపి పైకి లాగారు. ఒక్కో స్తంభం ఇద్దరు మోయాలి. చిన్నాడు మూడో స్తంభానికే భుజం కొట్టుకుపోయి, మెడలో టేపు తీసి మడిచి కింద మెత్తగా వేసుకున్నాడు.

"టేపు దేనికీ పనికిరాదన్నారు కదా, చూశారా?" అన్నాడు.

"నోరు మూసుకుని మొయ్యరా," అంది నడిపి. ఈసారి మాత్రం నవ్వుతూనే అంది.

మిట్టమధ్యాహ్నం దాటేసరికి ఇరవై స్తంభాలూ వాగు గట్టున వరసగా పడుకున్నాయి. ఎక్కడెక్కడ గుంత తవ్వాలో గుర్తు పెట్టాలి. చిన్నాడు టేపు తీయబోయాడు. పెద్దాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

భుజాన ఉన్న తాడు తీసి చివరి స్తంభం నుంచి పరిచాడు. కొస దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. మోచెయ్యి నేలకి ఆనించి, వేలు చాచి, ఆ వేలి దగ్గర గీత గీశాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. తల్లి మొహం పక్కకి తిప్పుకుంది.

అలా గీసుకుంటూ పోతే ఇరవై అనుకున్నది పదిహేడుతో సరిపోయింది. మూడు స్తంభాలు మిగిలి గట్టు మీదే ఉండిపోయాయి. గుంతలు తవ్వారు, స్తంభాలు దింపారు, చుట్టూ రాళ్లు కూరి దిమ్మిస కొట్టారు. తల్లి కూడా ఊరుకోలేదు, చెంగు నడుముకి దోపి రాళ్లందించింది. ఇనుప జాలీ చుట్ట విప్పి, దాని కళ్లలోకి గడ్డపార దూర్చి పెద్దాడు బలమంతా వేసి లాగితే, నడిపి స్తంభం స్తంభానికీ తీగతో కట్టుకుంటూ వచ్చింది. వేళ్లు చీరుకుపోయాయి. ఆమె చూసుకోలేదు.

ఆఖరి కట్టు ఆమే కట్టింది. కట్టి, తీగ మెలేసి, తల ఎత్తి చూసింది. పొద్దు ఇంకా మూరెడుంది.

"కలిసింది," అంది.

"కలిసింది," అన్నాడు చిన్నాడు, నేల మీద వెల్లకిలా పడుకుంటూ.

"గెలిచావే నడిపీ," అంది తల్లి. కూతురి తల దగ్గరికి లాక్కుని నుదురు మీద మట్టి తుడిచింది. తుడిచిన చేతికే ఎక్కువ మట్టి ఉంది.

పెద్దాడు జాలీని ఒకసారి చేత్తో కొట్టి చూశాడు. బిగువుగా మోగింది. ఓడిపోయినవాడి మొహం అలా ఉండదు. నీళ్లు తాగి, బిందె పక్కన పెట్టి, ఎవరికీ చెప్పకుండా కంచెకి ఆనుకుని నిలబడ్డాడు.

వాగులో రాళ్లు దొర్లిన చప్పుడు ముందు విన్నది అతనే.

అవతలి పొదలు కదిలాయి. ముందొకటి వచ్చింది, దున్నపిల్లంత ఉంది. దాని వెనక ఏడో ఎనిమిదో. పెద్దపంది తిన్నగా వచ్చి జాలీకి మూతి ఆనించి తోసింది. తీగ జివ్వుమంది. స్తంభం కదల్లేదు. వెనక్కి తగ్గి, పరుగున వచ్చి గుద్దింది. జాలీ లోపలికి జానెడు వంగి, దాన్ని వెనక్కి తోసేసింది.

నడిపి కంచె దగ్గరికి వెళ్లి దాని ఎదురుగా నిలబడింది. రెండేళ్లుగా ఈ మూతినే ఆమె కలలో చూస్తోంది.

"టికెట్ లేదు. దిగు," అంది.

చిన్నాడు విరగబడి నవ్వాడు. పెద్దకోడలు నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. నడిపికి ఒళ్లంతా తేలికైపోయింది. ఈ పొలం నాది, ఈ పంట నేను కోస్తాను అని ఆమె పైకే అంది. ఎవరూ కాదనలేదు.

మంద మాత్రం వెనక్కి వాగులోకి దిగలేదు. పెద్దపంది కంచె వెంబడే నడక మొదలుపెట్టింది. మూల తిరిగింది. ఎగువకి, మిరప తోట వైపు పోతోంది. మిగతావి దాని వెంట పడ్డాయి.

"పోనీ," అన్నాడు చిన్నాడు. "మిరప మొక్కని పంది మూతి కూడా పెట్టదు."

తల్లి నవ్వు ఆపేసింది.

"ఒరే పెద్దాడా, నీ తోట ఎగువ మూల సంగతేమిటి?"

పెద్దాడు కంచె వదిలి ఎగువకి చూశాడు. ఆ మూలన మూడు కర్రస్తంభాలు పుచ్చిపోయి ఏడాదైంది. పందులు మిరప జోలికి రావు కదా అని ముళ్లకంప అడ్డం పెట్టి ఊరుకున్నాడు. ఇవాళ పొద్దున దాకా అది అతని ఒక్కడి మూల. ఇప్పుడా ముళ్లకంప తోసుకుని లోపలికొస్తే, మిరప తోటలోంచి, తన చేత్తో పీకిన ఆ ఖాళీలోంచి తిన్నగా మొక్కజొన్నలోకే దారి.

మిగిలిన మూడు స్తంభాలు గట్టు మీదే ఉన్నాయి. అతను వాటి వైపు చూశాడు.

"అమ్మా, దానికి..." అన్నాడు.

ఆగిపోయాడు. తల్లి వైపు నుంచి చెల్లెలి వైపు తిరిగాడు.

"నడిపీ, విజిల్ వెయ్యి."

రెండేళ్ల తర్వాత అతని నోట తన పేరు. ఆమె ఒక్క క్షణం అలాగే చూసి, గుండెలనిండా గాలి తీసుకుని ఊదింది. వాగు అవతల దాకా వినపడింది. పెద్దకోడలు గడ్డపార అందుకుంది. చిన్నాడు మిగిలిన జాలీ చుట్ట భుజానికెత్తుకున్నాడు. పెద్దాడు స్తంభం ఒక కొస ఎత్తేసరికి రెండో కొస అప్పటికే నడిపి భుజం మీద ఉంది.

"ముందు నువ్వా, నేనా?" అన్నాడు.

"ఎవరైతేనేం అన్నయ్యా, పరిగెత్తు," అంది.

పీకేసిన గట్టు మీదుగా మిరప తోటలోకి దూసుకుపోయారు. సగం దూరంలో ఉండగా ఎగువ మూలన కర్ర విరిగిన చప్పుడైంది. ఇద్దరిలో ఎవరూ ఆగలేదు.